ఒక కన్ను మూసి చూస్తే

డ్రాయింగు బోర్డు ముందు మొదటిసారి కూర్చునేనాటికి ఎలీసమ్మకు ఇరవై ఆరేళ్ళు. ఎస్సెల్సీ పాసై, అమలాపురంలో మిషను వాళ్ళ చిన్నబడిలో సెలవు పెట్టిన టీచర్లకు బదులుగా పాఠాలు చెబుతూ వస్తోంది. ఆ పని ఎప్పుడుంటుందో, ఎప్పుడుండదో చెప్పలేం. 1978 వేసవిలో ఒక కబురు తెలిసింది. మిషను హైస్కూల్లో డ్రాయింగు టీచరమ్మ వచ్చే ఏడు రిటైరవుతున్నారనీ, డ్రాయింగు లోయరు పరీక్ష పాసైనవాళ్ళుంటే ఆ పనిలోకి తీసుకుంటారనీ. అది పర్మనెంటు ఉద్యోగం. ఎలీసమ్మ అంతకుముందు గీసిందల్లా బడిపిల్లల పలకల మీద జామకాయా, చిలకానూ. అయినా వెళ్ళి రామ్మూర్తి మాస్టారి దగ్గర చేరింది.

రామ్మూర్తి మాస్టారు వేరే హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు డ్రాయింగు చెప్పి రిటైరైన మనిషి. కాలవగట్టు పక్కనే ఇల్లు. ఆ ఇంటి పడమటి వసారాలో సాయంత్రంపూట పరీక్షకు కట్టేవాళ్ళకు నేర్పుతుండేవారు. వసారా మధ్యలో ఒక ఎత్తు స్టూలు వేసి, దానిమీద ఉతికిన పంచె ముక్క పరిచి, వస్తువులు పెట్టేవారు. ఎలీసమ్మ చేరిన రోజున ఒక్క ఇత్తడి చెంబు పెట్టేరు. చూసి గీయమన్నారు.

చెంబంటే ఏముంది, పుట్టినప్పటినుంచీ తోముతున్నదే కదా అనుకుంది. మూతి గుండ్రంగా చుట్టింది, అడుగున బద్దపెట్టి గీసినట్టు గీత గీసింది. మాస్టారు వెనకనుంచి వంగి చూసేరు.

"మూతి చూస్తే నువ్వు నుంచుని లోపలికి తొంగిచూసినట్టుంది. అడుగు చూస్తే నేలమీద పడుకుని చూసినట్టుంది. ఒకేసారి రెండుచోట్లా ఉండలేవు కదమ్మా," అన్నారు.

ఆమె సిగ్గుపడి చెరిపింది. మళ్ళీ గీసింది. మూతి కోడిగుడ్డులా రావాలని మాస్టారు చెప్పేరు. అది ఓసారి పడవలా వచ్చింది, ఓసారి కాకరకాయలా వచ్చింది. చెరిపి చెరిపి కాగితం మీద నూగు లేచింది. పక్కనే కూర్చునే రత్నమాల అనే అమ్మాయి ఈలోగా చెంబు గీసేసి, దానికి నీడలు కూడా దిద్దుకుంటోంది. ఎలీసమ్మకు కాగితమంటేనే భయం పట్టుకుంది. బోర్డుకి షీటు పిన్నులతో బిగించగానే ఆ తెల్లదనం చూసి అరచేతులు చెమర్చేవి. చేతులు చీరకి తుడుచుకుని పెన్సిలు పట్టుకునేది. ఇంటికొచ్చేక కూడా వంటింట్లో గిన్నెల అంచులకేసి చూస్తూ అన్నం మాడబెట్టేది.

అయినా మానలేదు. ఇంట్లో ఆమె, తండ్రి దానంగారు, ఇద్దరే. దానంగారు కూడా ఒకప్పుడు మిషను బడిలో మేష్టారే. నలభై నిండీ నిండకుండానే ఆయనకి రెండు కళ్ళూ పోయేయి. తల్లి చనిపోయి చాలాకాలమైంది. తమ్ముడు కృపారావు తాటిపాకలో చమురు కంపెనీ పనులు చేయించే కాంట్రాక్టరు దగ్గర జీపు డ్రైవరు. ఆదివారం పూట వచ్చి, గుడికి వెళ్ళి, అన్నం తిని వెళ్తాడు. ఉద్యోగం దొరికితే నాన్నగారిని ఎవరి చెయ్యీ చూడకుండా చూసుకోవచ్చుననేది ఎలీసమ్మ ఆశ.

వానాకాలం మొదలయ్యేసరికి చెంబు మూతి కుదిరింది. మాస్టారు ఒక వస్తువు కాస్తా మూడు చేసేరు. మధ్యన చెంబు, దానికి ఎడంపక్క వొలవని కొబ్బరికాయ, కుడిపక్క అరటిపళ్ళ అత్తం. వేటికవి గీస్తే చాలదు, ఒకదానికొకటి ఎంత ఎత్తు, ఎంత దూరం అనేది తేలాలి అన్నారు. దానికి కొలత నేర్పేరు. పెన్సిలు నిలువుగా పట్టుకుని, మోచెయ్యి మడవకుండా చెయ్యి బారుగా చాపి, ఒక కన్ను మూసి చూడాలి. పెన్సిలు కొస చెంబు మూతికి ఆనించి, చెంబు అడుగు ఎక్కడికొస్తే అక్కడ బొటనవేలి గోరు నిలపాలి. ఆ కొలత పెట్టుకుని కొబ్బరికాయ అందులో సగమా, ముప్పాతికా అని పోల్చుకోవాలి. ఏ కన్ను మూసినా ఫరవాలేదుగానీ, మొదట మూసిన కన్నే చివరిదాకా మూయాలనీ, మారిస్తే వస్తువులు పక్కకు జరిగినట్టు కనబడతాయనీ హెచ్చరించేరు.

ఎలీసమ్మకు కుడికన్ను మూయడం చేతనైంది. అలాగే కొలుచుకుంటూ నాలుగైదు బొమ్మలు గీసింది. కొలతలు బాగానే వచ్చేయి. మాస్టారు మొదటిసారి "ఊఁ" అన్నారు. ఆ ఊఁకే ఆమె ఇంటికి నవ్వుకుంటూ వెళ్ళింది.

తరవాత ఒకరోజు రత్నమాల తనకి ఎడమకన్ను మూస్తేనే వీలుగా ఉందనీ, అలా చూడమనీ చెప్పింది. ఎలీసమ్మ చెయ్యి చాపి, ఎడమకన్ను మూసింది. చెంబు కనబడింది. మూతి దగ్గర మెరుపు కూడా కనబడింది. కొబ్బరికాయ లేదు.

ఎవరో తీసేసేరనుకుంది. కన్ను తెరిచింది. కొబ్బరికాయ చెంబు పక్కనే ఉంది, తొడిమతో సహా. మళ్ళీ ఎడమకన్ను మూసి చెంబుకేసి చూసింది. లేదు. అది ఉండాల్సినచోట నల్లమచ్చేమీ లేదు, మసకా లేదు. స్టూలు మీద పంచె ముక్క ఖాళీగా అలాగే పరుచుకుని ఉంది, అక్కడ ఎప్పుడూ ఏదీ పెట్టనట్టు. చూపు ఎడమకి తిప్పితే కొబ్బరికాయ వచ్చింది. అప్పుడు చెంబు పోయింది.

ఎలీసమ్మ చేతిలో పెన్సిలు కిందపడి ములుకు విరిగింది. రత్నమాల తీసి ఇచ్చింది. ఏమైందక్కా అని అడిగితే చెయ్యి తిమ్మిరెక్కిందని చెప్పింది. ఆ సాయంత్రం మరి గీయలేదు. ములుకు చెక్కుతూ కూర్చుంది.

ఆమెకు పదేళ్ళప్పుడు తండ్రి గ్లాసులో మంచినీళ్ళు పోసుకుంటూ పక్కన పోసేరు. తల్లి నవ్వింది. ఆ తరవాత సైకిలు మీద వస్తూ, ఎదురుగా వస్తున్న ఎడ్లబండి చూసుకోక కాలవలో పడ్డారు. ఆ తరవాత బడిలో పిల్లలు ఆయనకు పక్కగా నిలబడి వెక్కిరించడం మొదలుపెట్టేరు, ఆయనకు కనబడదని తెలిసి. చివరికి కాకినాడ తీసుకెళ్తే అవి నీటికాసులని, కంట్లో వొత్తిడి పెరిగి లోపలి నరం చచ్చిపోయిందని, ఇక చేయగలిగింది లేదని చెప్పి పంపేసేరు. అప్పటినుంచి ఎలీసమ్మ ఆయన్ని చెయ్యి పట్టుకుని గుడికి నడిపిస్తూనే ఉంది. చిన్నప్పుడు దారిలో ఎవరో ఒకావిడ, ఇలాంటివి వంశంలో దిగుతాయంట అని ఇంకొకరితో అనడం ఆమె చెవిన పడింది. దాన్ని మరిచిపోయేననుకుంది. వసారాలో కూర్చుని పెన్సిలు చెక్కుతుంటే ఆ మాట అక్షరం పొల్లుపోకుండా జ్ఞాపకం వచ్చింది.

ఇక ఆమెకు నిమ్మళం లేదు. ఎక్కడుంటే అక్కడ ఎడమకన్ను మూసి చూసుకునేది. గోడమీద క్యాలెండరు ఉండేది, పక్కన లాంతరు పోయేది. గుడిలో పాస్టరుగారు ఉండేవారు, పక్కన పాటలు పాడేవాళ్ళు పోయేవారు. నిన్నటికంటే ఇవాళ ఎక్కువ పోయిందా అని లెక్క కట్టుకునేది. ఒక్కోసారి ఏమీ తగ్గలేదని తోచి ప్రాణం లేచొచ్చేది. మళ్ళీ గంటకల్లా భయం. ఎవరితోనూ అనలేదు. కళ్ళు పోయేదానికి డ్రాయింగు టీచరు పని ఎవరిస్తారు? తమ్ముడికి చెబితే నాన్నగారితో అనేస్తాడు. నాన్నగారికి తెలియడం అన్నింటికంటే భయం. తనకి వచ్చిందానికి ఆయన ఏనాడూ దేవుణ్ణి నిందించలేదు. పిల్లలకి వచ్చిందంటే ఆయన ఏమైపోతారో ఊహించుకోలేకపోయింది.

బొమ్మలు పాడయ్యేయి. చెంబు గీస్తున్నప్పుడు కొబ్బరికాయ ఉందో లేదోనని ఒక కన్ను మూసి చూసుకోవడం, అత్తం గీస్తూ మళ్ళీ చెంబు చూసుకోవడం. మాస్టారు ఒకటి రెండుసార్లు ఊరుకుని మూడోసారి అడిగేరు, ఇవన్నీ ఒక్కోటీ ఒక్కోరోజున గీసినట్టున్నాయేమిటని. కళ్ళేమైనా ఇబ్బందిగా ఉన్నాయా అని కూడా అడిగేరు. ఎండన పడి నడిచి వచ్చేనండి, అందుకే అని ఎలీసమ్మ అబద్ధం చెప్పింది. బయట వాన పడుతోంది. మాస్టారు చూరుకేసి చూసేరు.

మర్నాటినుంచి ఆమె వెళ్ళడం మానేసింది.

ఒక సాయంత్రం, మాస్టారి దగ్గరకి వెళ్ళే వేళప్పుడు, దానంగారు అరుగుమీద నులకమంచంలో కూర్చుని ఉన్నారు. ఎలీసమ్మ ఆయనకు కాఫీ ఇచ్చి లోపలికి పోతోంది.

"ఎలీసా, ఇలా రామ్మా. కూర్చో," అన్నారాయన.

కూర్చుంది. ఆయన గ్లాసు పక్కన పెట్టేరు.

"నువ్వు గుమ్మం దాటినప్పుడల్లా నీ కుడి భుజం తలుపుచెక్కకి తగులుతోందమ్మా. చాన్నాళ్ళనుంచి వింటున్నాను."

"చూసుకోలేదండి నాన్నగారూ."

"నాకూ మొదట్లో అలాగే తగిలేది. ఈ వడ్రంగి గుమ్మాలు ఇరుగ్గా పెట్టేడనుకునేవాణ్ణి."

ఎలీసమ్మ పైకి ఏడవలేదు. నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఆయన చెయ్యి చాపి తడుముకుంటూ ఆమె మొహం పట్టుకున్నారు, కళ్ళమీద వేళ్ళు ఆనించేరు. ఏ కన్ను అని అడిగేరు. చెప్పింది. కొబ్బరికాయ సంగతి కూడా చెప్పింది. ఆయన అంతా విని, రేపు పొద్దుటే కాకినాడ వెళ్దాం, నేనూ వస్తాను అన్నారు. ఉద్యోగం సంగతి ఎత్తబోతే, ఆ మాట తరవాత, అన్నారు. పరీక్ష అయ్యేదాకా ఆగుదామని ఆమె బతిమాలింది.

"నాకు ఆ రోజు చెప్పడానికి ఎవరూ లేరు. నీకు నేనున్నాను. రేపే," అన్నారు.

పొద్దుటే ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక బస్సెక్కేరు. అక్కడ గోదావరి దాటాలి. పంటుమీద లారీ ఒకటీ, సైకిళ్ళూ, కొబ్బరి బస్తాలూ, మనుషులూ. తండ్రిని రైలింగు పక్కన నిలబెట్టి, ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. అంతకుముందు ఎన్నోసార్లు దాటిన గోదావరే. ఆ రోజు మాత్రం తన కుడిపక్కన నీళ్ళు ఎంత దగ్గరగా ఉన్నాయో తెలియనట్టనిపించి, అడుగు కదపలేకపోయింది. ఎవరు ఎవరిని పట్టుకున్నారో చూసేవాళ్ళకి అర్థమై ఉండదు. యానాం ఒడ్డు వచ్చేదాకా దానంగారు సన్నగా ప్రార్థన చేసుకుంటూనే ఉన్నారు.

కాకినాడలో కళ్ళ డాక్టరుగారు పెద్దవయసాయన. దానంగారి సంగతి విని, ఎలీసమ్మని బల్లమీద పడుకోబెట్టి కంట్లో మందు చుక్కలు వేసేరు. కన్ను తిమ్మిరెక్కింది. పైకెత్తిన సొంత బొటనవేలికేసి చూడమని, చిన్న ఇనప పరికరం తెచ్చి కనుగుడ్డుమీద నిలిపేరు. నెప్పిలేదు. అయినా ఆమె బల్ల అంచులు రెండూ పట్టుకుని ఊపిరి బిగపట్టింది. ఆయన అంకె చదివి రాసుకున్నారు. ఎంతండీ అని అడిగే ధైర్యం లేకపోయింది.

తరవాత ఒక గదిలోకి తీసుకెళ్ళేరు. గోడకి నల్లగుడ్డ వేలాడదీసి ఉంది. మధ్యలో ఒక తెల్లచుక్క. ఒక కంటికి గంత కట్టి, ఆ చుక్కనే చూస్తూ కూర్చోమన్నారు. నల్లగా రంగేసిన పుల్ల కొసన చిన్న తెల్లపూస ఉంటుంది, దాన్ని పక్కలనుంచి మెల్లగా తెస్తారు, కనబడగానే చెప్పాలి.

ఎడమకంటితో చూసినప్పుడు పూస ఎటునుంచి వచ్చినా త్వరగానే కనబడింది. ఆమె "ఆయ్, వచ్చిందండి" అంటూ పోయింది. గొంతులో కాస్త ఉత్సాహం కూడా వచ్చింది. గంత రెండోకంటికి మార్చేరు. నల్లగుడ్డ. తెల్లచుక్క. నిశ్శబ్దం. డాక్టరుగారి చెప్పుల చప్పుడు వినబడుతోంది, పూస కనబడడంలేదు. ఇంకా కనబడడంలేదు. గది బయట తండ్రి దగ్గు వినబడింది. ఆయన ఈ నిశ్శబ్దం వింటున్నారని తోచేసరికి ఆమె పట్టలేకపోయింది.

"వచ్చిందండి," అంది.

డాక్టరుగారు ఆమెకు ఎదురుగా వచ్చేరు.

"నేనింకా పూస తీయలేదమ్మా," అన్నారు.

ఎలీసమ్మ ఏడ్చింది. డాక్టరుగారు పుల్ల కిందపెట్టి, ఆమె తేరుకునేదాకా కుర్చీలో కూర్చున్నారు. తొందరేమీ లేదనీ, కనబడితే కనబడిందని, లేకపోతే ఊరుకోమనీ చెప్పేరు. మళ్ళీ మొదటినుంచి చేసేరు. ఈసారి ఆమె నిజంగా కనబడేదాకా నోరు మెదపలేదు. పూస దాదాపు తెల్లచుక్క దాకా వచ్చేక గానీ కనబడలేదు.

తండ్రీకూతుళ్ళనిద్దరినీ కూర్చోబెట్టి ఉన్నమాట చెప్పేరు. నీటికాసులే. కుడికంటికి మధ్యలో కొద్దిచూపు మిగిలింది, పోయింది తిరిగిరాదు. ఎడమకంట్లోనూ వొత్తిడి ఉంది గానీ చూపు చెడలేదు. చుక్కలు రోజూ మానకుండా వేసుకుంటూ, పిలిచినప్పుడల్లా వచ్చి చూపించుకుంటుంటే దాన్ని నిలబెట్టవచ్చు. చుక్కలతో తగ్గకపోతే ఆపరేషను. బొమ్మలు గీస్తే కళ్ళు చెడతాయా అని ఎలీసమ్మ అడిగింది. చెడవన్నారు. కాకపోతే ఈ మందుకి కంటిపాప సూదిబెజ్జమంత అవుతుంది, అంతా కొంచెం చీకటిగా కనబడుతుంది, వెలుగున్నచోట కూర్చోవాలి అన్నారు.

లేవబోతుంటే ఇంకోమాట అడిగేరు, తోడబుట్టినవాళ్ళున్నారా అని. తమ్ముడున్నాడని దానంగారు చెప్పేరు. ఏం చేస్తుంటాడని అడిగేరు. దానంగారు కూతురివైపు తిరిగేరు. జీపు తోలతాడని ఎలీసమ్మ చెప్పింది. తీసుకురండి, ఆలస్యం చేయకండి అన్నారు డాక్టరుగారు.

కృపారావు ఆదివారం వచ్చేడు. అన్నం వడ్డిస్తూ అక్క అంతా చెప్పింది. అతను ముద్ద కలిపినవాడు కలిపినట్టే ఆగిపోయేడు. తనకేమీ లేదని, మైళ్ళదూరం కనబడుతుందని అన్నాడు. నాకూ అలాగే అనిపించేదని ఎలీసమ్మ అంది. అతను కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

"ఈమాట తాటిపాకలో తెలిసిందంటే నన్ను జీపు తాళం కూడా ముట్టుకోనివ్వరక్కా. నువ్వు ఎవరితోనూ అనకు," అన్నాడు, వెళ్ళిపోయేడు.

ఆ తరవాత ఆదివారాలు రావడం మానేసేడు. దానంగారు ప్రతి ఆదివారం అరుగుమీదే కూర్చుని, జీపు చప్పుడైతే తల ఎత్తేవారు. రాజోలు రోడ్డుమీద యాక్సిడెంటైందని ఎవరైనా అంటే ఎలీసమ్మకి ఎవరు, ఏ బండి అని కనుక్కునేదాకా చేతిలో పని సాగేది కాదు.

మాస్టారి దగ్గరకి తిరిగి వెళ్ళి, ఈసారి నిజం చెప్పింది. ఆయన విన్నారు. చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నారు. మర్నాడు వెళ్ళేసరికి స్టూలు వసారా అంచుకి జరిపి, వెలుగు బాగా పడేటట్టు పెట్టి ఉంది. ఏ వస్తువూ ముట్టుకోకముందే, గుంపు మొత్తానికి పైనా కిందా, ఈపక్కా ఆపక్కా హద్దులు చుక్కలు పెట్టుకోమన్నారు. కళ్ళు తిప్పడం కాదు, తలే తిప్పి చూడమన్నారు. కాసేపటికోసారి లేచి నాలుగడుగులు వెనక్కి వెళ్ళి బొమ్మ చూసి రమ్మన్నారు. చుక్కలు వేసుకుంటే నుదురు పోటెత్తేది, సాయంత్రాలు తొందరగా చీకటి పడ్డట్టుండేది. భయం పోలేదు. భయంతోటే గీసింది. పంచె ముక్క మీద చెంబు నీడ ఎక్కడ చిక్కన, ఎక్కడ పలచన అని చూస్తున్న కాసేపు మాత్రం కళ్ళగురించి మరిచిపోయేది. అది జ్ఞాపకం రాగానే మళ్ళీ ఉలిక్కిపడేది.

పరీక్ష రాజమండ్రిలో. రత్నమాలతో కలిసి రావులపాలెం మీదుగా బస్సులో వెళ్ళింది. మొదటి పేపర్లు ఫరవాలేదు. ఎదురుగా వస్తువులు పెట్టి గీయించే పేపరు మధ్యాహ్నం. పెద్దహాలు. మధ్యన బల్లమీద మట్టికూజా, ఎనామిలు పళ్ళెం, రెండు నిమ్మకాయలు. నెంబర్ల ప్రకారం చుట్టూ కూర్చోబెట్టేరు. ఎలీసమ్మ నెంబరు గోడమూల పడింది. బయట మబ్బుపట్టి ఉంది. చుక్కలు వేసుకున్న కళ్ళకి కూజా ఒక నల్లటి ముద్దలా కనబడింది. పళ్ళెం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియలేదు. నిమ్మకాయలు లెక్కకి రెండని తెలుసు, ఒక్కటే కనబడుతోంది.

గంట కొట్టేరు. అందరూ వంగేరు. పెన్సిళ్ళ చప్పుడు మొదలైంది. ఎలీసమ్మ కాసేపు అలాగే కూర్చుంది. ఊహించి గీసేద్దామా అనుకుంది. పళ్ళెం ఎలాగుంటుందో తెలియదా? రెండో నిమ్మకాయ పక్కన పెడితే సరిపోదా? నల్లగుడ్డముందు చెప్పిన అబద్ధం గుర్తొచ్చింది. లేచి నిలబడింది.

సూపర్వైజరుగారు దగ్గరకొచ్చి ఏం కావాలన్నారు. మెల్లగా చెప్పింది. ఆయనకి వినబడలేదు. గట్టిగా చెప్పమన్నారు.

"నాకు నీటికాసులండి. కుడికన్ను సరిగ్గా కనబడదు. ఈ మూల నాకు ఆ వస్తువులు కనబడడంలేదండి. కిటికీపక్కన ఎక్కడైనా, నేలమీదైనా కూర్చుంటానండి."

హాలంతా తలలెత్తి చూసింది. కన్ను కనబడనిదానికి ఈ పరీక్షెందుకో అని వెనకనుంచి ఒకరు గొణిగేరు. ఆ మాట ఆమె వింటూనే ఉంది. బల్ల పట్టుకుంది. సూపర్వైజరుగారు నెంబరు మార్చే అధికారం నాకు లేదని, పెద్దాయన్ని అడిగొస్తానని వెళ్ళేరు. ఆయన వచ్చేదాకా ఎలీసమ్మ నిలబడే ఉంది. టైము పోతూనే ఉంది. చివరికి వచ్చి, కిటికీకింద నేలమీద ఒక చాప వేయించి, అక్కడ కూర్చోమన్నారు.

అక్కడినుంచి కూజా మెడమీద వెలుగు పడుతోంది. రెండు నిమ్మకాయలూ కనబడ్డాయి, ఒకటి పళ్ళెంలో, ఒకటి బయట. ముందు హద్దులు పెట్టుకుంది. తల తిప్పుతూ చూసింది. నీడలు పూర్తిగా దిద్దడానికి టైము చాలలేదు. కూజా కిందిభాగం అలాగే ఉండిపోయింది. కాగితం ఇచ్చేసి బయటికొచ్చేక, వరండాలో కూర్చుని రత్నమాల ఇచ్చిన మంచినీళ్ళు తాగింది. గ్లాసు పట్టుకోలేకపోతే ఆ పిల్లే తాగించింది. ఫెయిలయినా ఇక ఫరవాలేదని ఆమెకి అనిపించలేదు. ఫెయిలవుతానేమోనని ఫలితాలొచ్చేదాకా భయపడుతూనే ఉంది.

పాసైంది. క్లాసేమీ రాలేదు, వొట్టి పాసు. ఉద్యోగం అడగడానికి వెళ్ళినప్పుడు హెడ్మిస్ట్రెస్‌గారితో కళ్ళసంగతి తనే ముందు చెప్పింది. ఆవిడ ఆలోచించి, ఒక ఏడాది చూస్తామని తీసుకున్నారు. తరవాత తీసేయలేదు.

ఫలితం తెలిసిన వారం, పని రోజు, పొద్దుటే కృపారావు వచ్చేడు. జీపు లేదు, సెలవు పెట్టి బస్సులో వచ్చేడు. చేతిలో సంచి ఉంది. అరుగుమీద తండ్రి పక్కన కూర్చుని, అక్కకేసి చూడకుండా అడిగేడు.

"ఆ ఇనప పరికరం కంటిమీద పెడితే నెప్పెడుతుందా అక్కా?"

"పెట్టదురా. మందువేసేక ఏమీ తెలీదు."

"ఆ నల్లగుడ్డో?"

"అది భయమేస్తుంది," అంది ఎలీసమ్మ. "నేను గదిలోనే కూర్చుంటాను."

ముగ్గురూ కాకినాడ వెళ్ళేరు. నల్లగుడ్డముందు కృపారావు "ఆయ్, వచ్చిందండి" అంటుంటే, మూలనున్న ఎలీసమ్మ ప్రతిసారీ డాక్టరుగారి చేతికేసి చూసుకుంది, పూస నిజంగా బయటికి వచ్చిందో లేదోనని. వచ్చింది. ఎటునుంచి తెచ్చినా దూరంలోనే కనబడింది. వొత్తిడి మాత్రం ఉండాల్సినదానికంటే ఎక్కువుంది. చూపు ఇంకా పోలేదని, ఇప్పుడు వచ్చేరు గనక మంచిదైందని, చుక్కలు మానకూడదని డాక్టరుగారు చెప్పేరు. రాత్రిపూట జీపు తోలొద్దన్నారు. కృపారావు తలూపేడు. బయటికొచ్చి గోడవైపు తిరిగి నిలబడిపోయేడు. దానంగారు తడుముకుంటూ వెళ్ళి అతని వీపుమీద చెయ్యివేసేరు.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళైంది. మొదటిచుక్క అప్పుడే వేయాలి. కృపారావు మంచంమీద వెల్లకిలా పడుకున్నాడు. ఎలీసమ్మ సీసా తెరిచి కిందిరెప్ప లాగేసరికి కన్ను మూసేసుకున్నాడు. మొదటిది చెంపమీద పడింది. రెండోది కనుబొమమీద పడింది. కదలకురా అని ఆమె గడ్డం పట్టుకుంది.

"పడిందా?" అని అరుగుమీదనుంచి దానంగారు అడిగేరు.

"లేదండి, మూసేసుకుంటున్నాడు."

"పట్టుకో. ఇంకోటి వెయ్యి."

కృపారావు మంచం పట్టె గట్టిగా పట్టుకుని కన్ను తెరిచేడు. ఈసారి చుక్క కంట్లో పడింది. మండిందని అన్నాడు. మండుతుంది, కాసేపే అంది ఎలీసమ్మ, రెండోకన్ను తెరవమంది.